బాత్రూము కిటికీ ఫ్రేములో అక్కరలేని రంధ్రాలు: ఏవి మూయాలి, ఏవి మూయకూడదు?

ఆసుపత్రి నుండి రోగిని ఇంటికి తీసుకొని వెళ్ళే రోజున కుటుంబ సభ్యులు చాలా విషయాలు శ్రద్ధగా అడిగి తెలుసుకుంటారు. మందులు ఏ వేళకు వేయాలి, పథ్యం ఏమిటి, మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలి అని అడుగుతారు. ఇంట్లో రోగి పడుకునే గది ఎలా ఉండాలని అడిగేవారు కొందరుంటారు. బాత్రూము ఎలా ఉండాలని అడిగేవారు మాత్రం చాలా అరుదు. నిజానికి కోలుకుంటున్న మనిషికి ఇంట్లో ఎక్కువ జాగ్రత్త కావలసిన చోటు అదే. అక్కడ నేల జారుతుంది, గాలి తక్కువ, చెమ్మ ఎక్కువ. పైగా రోగి తలుపు వేసుకొని ఒంటరిగా ఉంటాడు.

బాత్రూములోని ఒక చిన్న విషయాన్ని ఇక్కడ వివరిస్తున్నాము. అల్యూమినియం కిటికీ ఫ్రేముకు పాత స్క్రూలు తీసివేయగా మిగిలిపోయిన రంధ్రాలను ఎలా మూయాలి అన్నదే ఆ విషయం. "ఇది మేస్త్రీ పని కదా, నర్సుకెందుకు?" అని మీకు అనిపించవచ్చు. ఆ రంధ్రం నుండి గోడలోకి నీరు దిగుతుంది. గోడకు చెమ్మ పడుతుంది. చెమ్మకు బూజు పడుతుంది. ఆ బూజు ఆయాసం ఉన్నవారి ఊపిరికి అడ్డు వస్తుంది. అందుకే ఇది మేస్త్రీ పనే అయినా రోగి సంరక్షణలో కూడా భాగమే.

ఈ రంధ్రాలు ఎలా ఏర్పడతాయి?

కిటికీకి దోమల జాలి బిగిస్తాము. కొన్నాళ్ళకు అది చిరిగితే తీసేస్తాము. తువ్వాలు వేసుకునే రాడ్డు, సబ్బు పెట్టె, అద్దం, పరదా కమ్మీ ఫ్రేముకే బిగిస్తాము, తరువాత మారుస్తాము. అద్దె ఇళ్ళలో అయితే ముందున్నవారు బిగించినవి వారే తీసుకొని పోతారు. వస్తువు పోతుంది గాని రంధ్రం ఉండిపోతుంది. ఇనుప స్క్రూ వాడి ఉంటే అది తుప్పు పట్టి విరిగిపోయి కూడా రంధ్రం మిగులుతుంది. ఇనుము, అల్యూమినియం తడిలో ఒకదానికొకటి తగిలి ఉంటే స్క్రూ చుట్టూ అల్యూమినియం తెల్లని పొడిలా తినివేయబడుతుంది. అందువల్ల మొదట సన్నగా ఉన్న రంధ్రం క్రమంగా పెద్దదవుతుంది.

నీరు ఎలా దిగుతుంది?

అల్యూమినియం ఫ్రేము చూడటానికి గట్టి కడ్డీలా కనబడినా లోపల బోలుగా ఉంటుంది. సాధారణంగా ఇళ్ళకు వాడే ఫ్రేములో రేకు మందం 1 నుండి 2 మిల్లీమీటర్లు మాత్రమే. స్నానం చేసేటప్పుడు చెంబుతో పోసుకునే నీరు, షవరు తుంపరలు, ఈదురుగాలితో కొట్టే వాన ఆ రంధ్రం గుండా బోలులోకి చేరతాయి. అక్కడ నుండి నీరు మూలల అతుకుల దగ్గర బయటికి వచ్చి, ఫ్రేము అడుగున ఉన్న ఇటుకలోకి, సిమెంటు పూతలోకి ఇంకుతుంది. లోపలికి పోయిన నీరు కంటికి కనబడదు కాబట్టి మనకు వెంటనే తెలియదు. కొన్ని వారాలకు కిటికీ కింద సున్నం ఉబ్బుతుంది, పెచ్చులు ఊడతాయి. ఒక్కొక్కసారి మచ్చ బాత్రూములో కాకుండా గోడకు అవతలి వైపున, అంటే పడకగదిలో కనబడుతుంది.

చెమ్మ వల్ల రోగికి ఏమి జరుగుతుంది?

తడి ఆరని గోడ మీద బూజు పెరుగుతుంది. దాని నుండి కంటికి కనబడనంత సన్నని బీజాలు గాలిలోకి లేస్తాయి. ఆరోగ్యవంతులకు వీటివల్ల పెద్దగా ఇబ్బంది ఉండకపోవచ్చు. ఉబ్బసం, దీర్ఘకాల ఊపిరితిత్తుల జబ్బు, అలర్జీ ఉన్నవారికి మాత్రం తుమ్ములు, దగ్గు, పిల్లికూతలు, ఆయాసం ఎక్కువవుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్ళలోని చెమ్మ, బూజు గురించి ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రచురించింది. చెమ్మ ఉన్న ఇళ్ళలో నివసించేవారిలో ఉబ్బసం, శ్వాసకోశ వ్యాధులు ఎక్కువగా కనబడతాయని, బూజును తుడవటం కన్న చెమ్మ రాకుండా చేయటమే ముఖ్యమని అందులో తెలిపారు. క్యాన్సర్ మందులు వాడుతున్నవారు, అవయవ మార్పిడి జరిగినవారు, ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడేవారు బూజు పట్టిన గదికి దూరంగా ఉండాలి.

2021లో కోవిడ్ రెండవ విడతలో "బ్లాక్ ఫంగస్" అన్న మాట విని చాలామంది భయపడ్డారు. బాత్రూము గోడ మీద సాధారణంగా కనబడే నల్ల బూజు, ఆ జబ్బును కలిగించే బూజు ఒకటి కావు. కాబట్టి గోడ మీద మచ్చ చూసి హడలిపోనక్కరలేదు. అలాగని దానిని ఉపేక్షించనూ కూడదు.

లేవీయకాండము 14వ అధ్యాయం చదివినవారికి ఒక సంగతి గుర్తుంటుంది. ఇంటి గోడ మీద పచ్చగానో ఎర్రగానో పొడ కనబడితే యాజకుడు వచ్చి చూడాలి, ఇంటిని 7 రోజులు మూసి ఉంచాలి. ఆ పొడ వ్యాపిస్తే ఆ రాళ్ళు తీయించి, గోడ గీయించి, కొత్త అడుసు పూయించాలి అని అక్కడ చెప్పబడింది. మచ్చ మీద పైపైన పూత పూసి ఊరుకోమని అక్కడ లేదు. మనమూ అదే పద్ధతిలో ముందు నీరు ఎక్కడ నుండి వస్తున్నదో చూడాలి.

వార్డులో ఒక కోడలు ఇలా అడిగింది: "సిస్టర్ గారూ, అత్తయ్యగారికి ఇన్‌హేలరు వేళకే ఇస్తున్నామండి. అయినా తెల్లవారుజామున దగ్గు తగ్గటం లేదు, ఎందుకంటారు?" ఆమె తల ఏ గోడ వైపు పెట్టుకొని పడుకుంటారని అడిగితే బాత్రూము గోడ వైపే అని చెప్పింది. ఆ గోడకు ఏడాదిలో రెండుసార్లు సున్నం వేయించారట, రెండుసార్లూ ఊడిపోయిందట. ఇంటికి వెళ్ళి చూస్తే బాత్రూము కిటికీ అడుగు పట్టీలో, పాత రాడ్డు తీసిన చోట నాలుగు రంధ్రాలు తెరిచి ఉన్నాయి. వాటిని మూసి, గోడ ఆరిన తరువాతనే మళ్ళీ సున్నం వేయించారు. మంచాన్ని కూడా ఆ గోడకు దూరంగా జరిపారు. డాక్టరుగారు చెప్పినట్లు మందులు మానకుండా వాడుతూనే ఉన్నారు. తరువాత చూపించుకోవటానికి వచ్చినప్పుడు పెద్దావిడ రాత్రులు నిద్రపోతున్నానని చెప్పారు. రంధ్రం మూస్తే జబ్బు పోతుందని మేము అనము. మందు చేసే మేలుకు చెమ్మ అడ్డు రాకుండా ఉంటుందని మాత్రం చెప్పగలము.

ముందుగా గుర్తించవలసినది: మూయకూడని రంధ్రాలు

కిటికీ ఫ్రేములో కనబడిన ప్రతి రంధ్రాన్నీ మూయకూడదు. జరిపే అద్దాల కిటికీలో అద్దాలు నడిచే పట్టా అడుగున, బయటి వైపున కొన్ని సన్నని రంధ్రాలు ఉంటాయి. పట్టాలో చేరిన వాన నీరు బయటికి పోవటానికి తయారీలోనే వాటిని పెడతారు. వాటిని మూస్తే నీరు పట్టాలో నిలిచి, పొంగి, గది లోపలికే వస్తుంది. వారం రోజులు నిలిచిన నీరు దోమలకు కూడా నివాసమవుతుంది.

తేడా తెలుసుకొనే విధానం:

1. నీరు పోయే రంధ్రాలు తరచుగా పొడవుగా, చీలికలా ఉంటాయి. ఫ్రేము అడుగున, బయటి వైపున, సమాన దూరంలో ఉంటాయి.
2. స్క్రూ రంధ్రాలు గుండ్రంగా ఉంటాయి. ఎక్కువగా గది వైపున, రెండేసి చొప్పున, ఏదో వస్తువు బిగించిన చోట ఉంటాయి. లోపల మర గీతలు కనబడవచ్చు.
3. ఇంకా అనుమానం ఉంటే పట్టాలో అర గ్లాసు నీరు నెమ్మదిగా పోయండి. నీరు బయటి వైపుకు పోయే రంధ్రాన్ని ముట్టుకోకండి. అందులో మట్టి చేరి ఉంటే చీపురు పుల్లతో శుభ్రం చేయండి.
4. ఫ్రేమును గోడకు పట్టి ఉంచే స్క్రూలను విప్పకండి. అవి వదులుగా ఉంటే కిటికీలు చేసేవారిని పిలిపించండి.

కావలసిన వస్తువులు

న్యూట్రల్ రకం సిలికాన్ ట్యూబు, పెద్ద రంధ్రాలకు ఎమ్‌సీల్ వంటి రెండు ముద్దల పుట్టీ, ఉప్పుకాగితం, పొడి గుడ్డలు, చేతి తొడుగులు, ఐస్‌క్రీమ్ పుల్ల, అతికించే టేపు. ఇవన్నీ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి. సిలికాన్ కొనేటప్పుడు "న్యూట్రల్" అని అడిగి తీసుకోండి. మరొక రకం ఆరేటప్పుడు వెనిగర్ వంటి ఘాటు వాసన వస్తుంది. ఆ ఆమ్లం లోహానికి మంచిది కాదు, ఆ వాసన ఉబ్బసం ఉన్నవారికి పడదు. బాత్రూముల కోసం బూజు పట్టని రకం సిలికాన్ కూడా ఉంటుంది, దొరికితే అదే మేలు.

మూసే విధానం

మొదటిది, ఆరబెట్టటం. వాన లేని రోజు చూసుకోండి. ముందు రోజు రాత్రి నుండి ఆ బాత్రూములో స్నానం ఆపి, కిటికీ తెరిచి ఉంచండి. బోలులో నీరు ఉండగా మూస్తే ఆ నీరు లోపలే చిక్కుకుపోతుంది.

రెండవది, శుభ్రం చేయటం. తుప్పు స్క్రూ మిగిలి ఉంటే తీసివేయండి. రంధ్రం అంచు కోసుకొనేలా ఉంటే ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేయండి. మధుమేహం ఉన్నవారికి, పెద్దవారికి చిన్న గీత కూడా పుండుగా మారగలదు. సబ్బు జిడ్డును తడి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరనిచ్చి, తరువాత మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డకు కొంచెం అద్ది తుడవండి. అది త్వరగా అంటుకొనే ద్రవం. దగ్గరలో దీపం, పొయ్యి, బీడీ ఉండకూడదు. ఇంట్లో ఆక్సిజన్ వాడుతున్న రోగి ఉంటే ఆ గదికి దూరంగా వాడండి.

మూడవది, నింపటం. 5 మిల్లీమీటర్ల లోపు రంధ్రానికి సిలికాన్ చాలు. రంధ్రం చుట్టూ టేపు అతికించండి. ట్యూబు ముక్కును రంధ్రంలోకి ఆనించి నొక్కండి. కొంత సిలికాన్ లోపలికి వెళ్ళి రేకు వెనుక గుండీలా ఉబ్బాలి, అప్పుడే పట్టు ఉంటుంది. పైన మాత్రమే పూస్తే కొన్నాళ్ళకు పొరలా లేచిపోతుంది. సబ్బు నీటిలో ముంచిన ఐస్‌క్రీమ్ పుల్లతో పైభాగాన్ని చదును చేసి, ఆరకముందే టేపు తీసివేయండి.

అంతకన్న పెద్ద రంధ్రానికి పుట్టీ వాడండి. చుట్టూ ఉప్పుకాగితంతో గరుకు చేయండి. రెండు ముద్దలను ప్యాకెట్టు మీద రాసిన పాళ్ళలో తీసుకొని, రంగు ఒకటయ్యే వరకు పిసకండి. రంగు చారలు మిగిలితే అది గట్టిపడదు. కావలసినంతే కలపండి, ఎందుకంటే కలిపిన కొద్దిసేపటికే బిగుసుకుంటుంది. చేతి తొడుగులు తప్పనిసరి, పుట్టీలోని రసాయనం కొందరికి చర్మం మీద దురద, పొక్కులు తెప్పిస్తుంది.

నాలుగవది, వేచి ఉండటం. సిలికాన్ గాలిలోని తేమతో పైనుండి లోపలికి క్రమంగా గట్టిపడుతుంది. పైన తాకితే ఆరినట్లుండవచ్చు, లోపల పచ్చిగానే ఉంటుంది. కనీసం 24 గంటలు నీరు తగలనీయకండి. పుట్టీని కూడా రాత్రంతా వదిలివేయండి. రోగికి వేరే గదిలో వేడి నీటి గుడ్డతో ఒళ్ళు తుడిస్తే ఆ ఒక్క రోజుకు సరిపోతుంది.

ఐదవది, పరీక్షించటం. మరునాడు ఆ చోట ఒక చెంబు నీరు పోసి, కిటికీ కింద గోడకు పొడి కాగితం ఆనించి చూడండి. తడి తగలకపోతే సరే. తగిలితే ఇంకొక రంధ్రమో, మూల అతుకో కారుతున్నదని అర్థం.

అద్దె ఇంట్లో ఉన్నవారికి ఇంకొక సులువైన దారి ఉంది. రంధ్రానికి సరిపడే స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూను తీసుకొని, దాని మరకు, తల కింద కొంచెం సిలికాన్ రాసి, అదే రంధ్రంలో బిగించి వదిలివేయండి. రేపు అవసరమైతే దానిని విప్పుకోవచ్చు.

ఇవి వాడకండి

సిమెంటు, తెల్ల సిమెంటు, గోడల పుట్టీ వాడవద్దు. అవి అల్యూమినియంకు పట్టవు. ఎండకు ఫ్రేము సాగి, చలికి ముడుచుకొన్నప్పుడు పగిలి ఊడిపోతాయి. తడి సిమెంటు క్షారగుణం వల్ల అల్యూమినియంను తింటుంది కూడా. సబ్బు ముక్క, మైనం, టూత్‌పేస్టు, దూది, కాగితం కొద్దిరోజులకే కరగటమో కుళ్ళటమో జరుగుతుంది. దూది నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది కాబట్టి ఖాళీ రంధ్రం కన్న అదే చెడ్డది.

రంధ్రం మూయండి, గాలిని మూయకండి

ఇది అన్నిటికన్న ముఖ్యమైన సంగతి. చలికి భయపడి, రోగికి గాలి తగలకూడదని కొందరు స్క్రూ రంధ్రాలతో పాటు కిటికీ రెక్కలను, వెంటిలేటరును కూడా టేపుతోనో అట్టతోనో మూసివేస్తారు. అలా చేస్తే ఆవిరి బయటికి పోదు, గోడలు ఆరవు, రంధ్రాలు మూసిన ప్రయోజనం దక్కదు.

బాత్రూములో గ్యాస్ గీజరు ఉంటే ఇది ప్రాణం మీదికి వస్తుంది. గాలి ఆడని గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తయారవుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, కళ్ళు తిరగటం, వాంతి వచ్చేలా ఉండటం, కాళ్ళలో బలం పోవటం, తరువాత స్పృహ తప్పటం జరుగుతాయి. తలుపు తీసుకొని బయటికి వచ్చే శక్తి కూడా మనిషికి ఉండదు. గ్యాస్ గీజరును బాత్రూము బయట, గాలి ఆడే చోట పెట్టించండి. అది కుదిరే వరకు నీరు బకెట్టులో పట్టుకొని, గీజరు ఆపి, కిటికీ కాసేపు తెరిచి ఉంచిన తరువాతనే స్నానానికి వెళ్ళనివ్వండి. రోగి లోపల గడియ పెట్టుకోకూడదు. ఎవరైనా పడిపోతే వెంటనే తలుపు తెరిచి, వారిని ఆరుబయటికి లాగి, గ్యాస్ కట్టివేసి, 108కు ఫోన్ చేయండి. మీరు కూడా ఆ గదిలో నిలబడి ఉండకండి.

కిటికీ ఫ్రేము ఊత కాదు

రంధ్రాలు మూసిన తరువాత మళ్ళీ అదే ఫ్రేముకు రాడ్డు బిగించకండి. పక్షవాతం వచ్చినవారు, ఆపరేషను అయినవారు, వృద్ధులు కాలు జారినప్పుడు చేతికి అందినది పట్టుకుంటారు. పలుచని రేకుకు రెండు స్క్రూలతో నిలిచిన రాడ్డు మనిషి బరువును ఆపలేదు. అది ఊడి వచ్చి, మనిషి పడతాడు. తుంటి ఎముక విరిగితే పెద్ద వయసులో మళ్ళీ లేచి నడవటం ఎంత కష్టమో మీకు తెలుసు. పట్టుకొనే కమ్మీ కావాలంటే గట్టి గోడకు, లోతుగా, తగిన బోల్టులతో మేస్త్రీ చేత వేయించండి. తువ్వాలును తలుపు వెనుక కొక్కేనికి తగిలించండి.

ఇప్పటికే బూజు పట్టి ఉంటే

ముందు నీటి దారి మూయండి, తరువాత బూజు తుడవండి. పొడిగా గీకితే బీజాలు గాలిలోకి లేస్తాయి కాబట్టి సబ్బు నీటితో తడిపి తుడవండి, తరువాత బాగా ఆరనివ్వండి. ఆ సమయంలో రోగిని వేరే గదిలో ఉంచండి. ఆయాసం ఉన్నవారు ఈ పని చేయకూడదు. తుడిచేవారు ముక్కుకు, నోటికి మాస్కు పెట్టుకోవాలి. బ్లీచింగు పౌడరును, బాత్రూము కడిగే యాసిడ్‌ను ఎన్నడూ కలపకండి. ఆ రెండూ కలిస్తే ఊపిరితిత్తులను కాల్చే క్లోరిన్ వాయువు వస్తుంది. గోడ పూర్తిగా ఆరిన తరువాతనే సున్నం వేయించండి.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

ఇల్లు బాగుచేసుకోవటం వైద్యానికి బదులు కాదు. రెండు వారాలకు మించిన దగ్గు, దగ్గులో రక్తం, జ్వరంతో కూడిన ఆయాసం, మాట పూర్తిగా పలకలేనంత ఎగశ్వాస, పెదవులు నీలంగా మారటం వంటివి కనబడితే గోడ చెమ్మ వల్లనే అనుకొని ఆగకండి. రెండు వారాల దగ్గుకు క్షయ పరీక్ష కూడా చేయించాలి. ఎగశ్వాస, నీలం పెదవులు కనబడితే ఆ క్షణమే బయలుదేరండి.

గుర్తుంచుకోండి

1. స్క్రూ రంధ్రాలు మూయండి, నీరు పోయే రంధ్రాలు తెరిచి ఉంచండి.
2. ఆరబెట్టి, శుభ్రం చేసి, అప్పుడే నింపండి. 24 గంటలు తడపకండి.
3. కిటికీ నుండి గాలి ఆడాలి. గ్యాస్ గీజరు బాత్రూములో ఉండకూడదు.
4. ఫ్రేముకు బరువు మోసే వస్తువులు బిగించకండి.
5. వానాకాలం మొదలయ్యేముందు సంవత్సరానికి ఒకసారి ఫ్రేమును చుట్టూ చూడండి.

వచ్చే ఆదివారం ప్రార్థన నుండి ఇంటికి వచ్చాక ఒక పది నిమిషాలు బాత్రూము కిటికీ దగ్గర నిలబడి చూడండి. ఎన్ని రంధ్రాలున్నాయో, గోడ ఎక్కడ ఉబ్బిందో మీకే తెలుస్తుంది. మీ ఇంట్లో కోలుకుంటున్నవారికి దేవుడు సంపూర్ణ స్వస్థత అనుగ్రహించును గాక.